మొదట నువ్వు తాగు

ఆత్మకూరు,
12-6-1948

అక్కా,

ఈరోజే ఎందుకు రాస్తున్నానంటే, నిన్న ఒక పుస్తకం చదవడం ముగించాను. అప్పటినుంచి నాకు భయంగా ఉంది. ఆ భయం ఎవరితోనైనా చెప్పుకోకపోతే సోమవారం బడిలో పిల్లల ముందు నిలబడలేను. ఇక్కడ చెప్పుకోవడానికి ఉన్నది మా హెడ్మిస్ట్రెస్ రాహేలమ్మగారు ఒక్కరే. ఆమె ఇంట్లోనే ఒక గదిలో ఉంటున్నాను కదా, ఆమెతో పోట్లాట కూడా అయిపోయింది.

పుస్తకం ఆమె తమ్ముడు సామ్యేలు మద్రాసు నుంచి తెచ్చాడు. అట్టా మొదటి పేజీలూ ఊడిపోయాయి. పేరు తెలియదు, రాసిందెవరో తెలియదు. మేము పాల పుస్తకం అంటున్నాం. నీలవేణి అని ఒక ఆమె. ఆమె భర్త రాజారావు పెద్ద వకీలు, మెత్తగా మాట్లాడతాడు. ఆమె పెట్టెలో పెట్టిన తాళంచెవి పూలకుండీలో దొరుకుతుంది. ఆర్పిన దీపం మళ్ళీ వెలుగుతూ ఉంటుంది. “మళ్ళీ మర్చిపోయావా, నీలా?” అని అతను జాలిగా అడుగుతాడు. రోజూ ఒక గ్లాసు పాలు తనే తెచ్చి ఇస్తాడు. అవన్నీ చేస్తున్నది అతనేనా, నిజంగానే ఆమెకు మతి తప్పుతోందా? చివరి పేజీ దాకా తెలియదు. చివరి పేజీ చదివాక ఇంకా తెలియదు. అదేమిటో నేను చెప్పను, నువ్వే చదవాలి.

ఆమెకు పిచ్చి పట్టిందని నేనంటాను. కాదని రాహేలమ్మగారు. “మొగుడితో ఇరవై ఏళ్ళు ఏగిన నాకు లేని భయం, పెళ్ళే కాని నీకేంది అమ్మాయ్? పాలు తాగమంటే కూడా ఉలిక్కిపడుతున్నావే!” అని నవ్వుతుంది.

అందుకే నిన్ను అడుగుతున్నాను. నువ్వు ఎనిమిదేళ్ళుగా కాపురం చేస్తున్నదానివి. అయినా నీ సంగతి వేరేలే. అమ్మ తమ్ముణ్ణే చేసుకున్నావు, పుట్టినప్పటినుంచి “మామా” అని పిలిచిన మనిషి. నీలవేణికి రాజారావు కొత్తవాడు. ఎనిమిదేళ్ళయినా ఆమె “ఏమండీ” తప్ప ఇంకో మాట ఎరగదు.

కొయ్యగరిటెలు అమ్ముకోవడానికి ఇక్కడి సంతకు వచ్చే మీ ఊరి మునెయ్య చేత పుస్తకం పంపుతున్నాను. సెలవుల్లో కొట్టంలో ఇసుక పరిచి నీకు నేర్పిన అక్షరాలు వృథా పోలేదని రుజువు చెయ్యి. తొందరేమీ లేదు. ఒక్కటి మాత్రం రాయి: చివర్లో ఆమెకు పిచ్చా, కాదా?

మామకు నమస్కారాలు. నన్ను బడిలో వెయ్యమని నాయనతో ఆయన పోట్లాడకపోయి ఉంటే ఈ భయం కూడా నాకు ఉండేది కాదని చెప్పు.

నీ చెల్లెలు,
మాలకొండమ్మ


ఉదయగిరి,
30-6-1948

చిన్నమ్మీ,

నీ జాబూ పుస్తకమూ రెండూ అందినాయి. నా రాత చూసి నవ్వబాక. వరస వంకర పోతావుండాది.

సగం దాకా నేనే చదివినాను, వేలు పెట్టుకోని. మధ్యాహ్నం పూట మామ అంగడికి పోయినాక చదివేదాన్ని. ఎదురింటామె వచ్చి “ఏంది కోటమ్మా, పరీక్షకు పోతావా?” అని ఎగతాళి చేసింది. (ఎదురింటామె అంటే ఎవురో నీకు తెలుసు గదా, ఆ పేరు నేను రాయలేను.) తర్వాత తలనొప్పి పట్టుకోని, అక్షరాలు చీమల మాదిరి పారినాయి. మామ చూసి పుస్తకం తీసుకున్నాడు. రోజూ కొంచెం కొంచెం తనే చదివి వినిపించినాడు. నీ జాబు కూడా మామే చదివినాడు. పోస్టు అంగడికే వస్తాది, విప్పి చదివి నాకు చెప్తాడు.

చివర నాకు బాగానే ఉండాది. భయం ఏముండాది అందులో? రాజారావు పాలు తెచ్చి ఇస్తే నీలవేణి ఏడ్చి “నాదే తప్పు, మీరు చెప్పినట్టే వింటాను” అని తాగేసి పడుకుంటాది. ఆమెకు సాయంగా ఉండేదానికి ఆమె చెల్లెల్ని రాజారావు ఇంటికి తెచ్చుకుంటాడు. ముగ్గురూ సుఖంగా ఉంటారు. వింటావుంటే నాకు కళ్ళనీళ్ళు వచ్చినాయి. పిచ్చి ఏంది పాపం, ఒట్టి మతిమరుపు. నాకూ అట్టే వచ్చింది గదా ఈ మధ్య. మొన్న పెట్టె తాళంచెవి చింతపండు కుండలో దొరికింది. దొడ్డి తలుపు నేను మూసినానని ఒట్టేసి చెప్తే, పొద్దునకి తెరిచి ఉండాది, దూడ పోయినాది. ఇంకొకరైతే కొట్టి ఉండేవాళ్ళు. మామ పల్లెత్తు మాట అనలేదు. ఎవురో వైద్యుడి దగ్గర పొడి తెచ్చి పాలలో కలిపి ఇస్తావున్నాడు.

నువ్వు చిక్కిపోయినావని మునెయ్య చెప్పినాడు. వేళకు తిను.

కోటమ్మ


ఆత్మకూరు,
5-7-1948

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి, రాహేలమ్మగారికి కూడా చదివి వినిపించాను. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

పుస్తకంలో చెల్లెలే లేదు! మొదటినుంచి చివరిదాకా నీలవేణికి అక్కచెల్లెళ్ళు ఎవరూ లేరు. ముగింపు అది కాదు. రాజారావు పాలగ్లాసు తెచ్చి మంచం పక్కన నిలబడతాడు. ఆమె గ్లాసు వైపు చూస్తుంది, అతని వైపు చూస్తుంది. పుస్తకం మొత్తంలో మొదటిసారి అతన్ని పేరు పెట్టి పిలుస్తుంది. “రాజారావూ, మొదట నువ్వు తాగు” అంటుంది. అంతే. ఆ మాటతో పుస్తకం అయిపోయింది. అతను తాగాడో లేదో కూడా లేదు.

భర్తను పేరు పెట్టి, పైగా “నువ్వు” అని పిలిచిందంటే ఆమెకు మతి లేదనే కదా అర్థం? మతి ఉన్న ఆడది ఎవరైనా అలా పిలుస్తుందా? నువ్వే చూడు, ఎదురింటి సుందరమ్మ పేరులో మామ పేరు కలుస్తుందని ఎనిమిదేళ్ళుగా ఆమెను చేతులు తట్టి పిలుస్తున్నావు.

ఇది మామ చేసిన అల్లరే అయి ఉంటుంది. చిన్నప్పుడు మనకు కథలు చెప్పినప్పుడు కూడా ఇంతే కదా. రాజు బతికాడని నాకు చెప్పేవాడు, చచ్చాడని నీకు చెప్పేవాడు. పొద్దున మనిద్దరం జుట్లు పట్టుకుని కొట్టుకుంటుంటే దూరంగా కూర్చుని నవ్వేవాడు. మామా, ఈ జాబు నువ్వే విప్పి చదువుతున్నావు కదా, దొరికిపోయావు! పుస్తకం అక్కకు ఇచ్చెయ్యి. చివరి పేజీ తను చదువుకుంటుంది.

అక్కా, ఆ తలనొప్పి సంగతి సరిగా రాయలేదు. పొడి తాగకముందు నుంచీ ఉందా, తాగడం మొదలుపెట్టాక వచ్చిందా? ఊరికే అడుగుతున్నాను. ఇక్కడ వాన జాడ లేదు. బడి కప్పు నుంచి తేళ్ళు రాలుతున్నాయి.

జవాబు రాయి.

మాలకొండమ్మ


ఉదయగిరి,
17-7-1948

చిన్నమ్మీ,

నీ జాబు మామ చదివినాడు. మొదట నవ్వినాడు. తర్వాత నవ్వలేదు.

“నేను ఉన్నది ఉన్నట్టే చదివినాను. పేరు పెట్టి పిలిచినట్టే చదివినాను. నువ్వు మధ్యలో కునికి, చెల్లెలు వచ్చినట్టు కల గన్నావు” అన్నాడు. నేను వినింది నాకు బాగా గుర్తు. చెల్లెలు మల్లెపూలు పెట్టుకోని బండి దిగినాదని కూడా చదివినాడు. అట్టని చెప్తే, “చూడు, లేనిదంతా నీకు కనపడతావుండాది” అని తల నిమిరినాడు.

పుస్తకం ఇవ్వమన్నాను. ఏమన్నాడో తెలుసా? నేనే దాన్ని నీళ్ళపొయ్యిలో వేసినానంట. బూడిదలో కాలిన అంచు ముక్క తీసి చూపించినాడు. నాకు గుర్తే లేదు. నా చేతులు చూసుకున్నాను. మసి ఉండాది. పొయ్యి దగ్గర ఉండేదాని చేతికి మసి ఉండదా? ఏమో. రాహేలమ్మగారి పుస్తకం తగలబెట్టినానని సిగ్గుగా ఉండాది. నా తరపున ఆమెను మన్నించమని అడుగు.

నాకు నా మీదే భయం పట్టుకునింది, చిన్నమ్మీ. పొయ్యి మీద కూడు పెట్టి, పెట్టినానా లేదా అని నాలుగుసార్లు వచ్చి చూస్తావున్నాను.

అమ్మ వచ్చి వారం ఉండి పోయింది. నా మెడలో తాయెత్తు కట్టించింది. మామా అమ్మా దొడ్లో ఏందో మాట్లాడుకుంటా ఉంటే నేను పోయినాను. ఇద్దరూ ఆపేసినారు. తర్వాత అమ్మ అడిగింది: “మన కొండమ్మ ఈడికే వచ్చేస్తే నీకు సాయంగా ఉంటాది గదా?” నాకు ప్రాణం లేచివచ్చింది. వస్తే బాగుంటాది, అంతకంటేనా అన్నాను. ఈ ఊరి బడికి నిన్ను మారుస్తావున్నారంట గదా! నాకెందుకు రాయలేదు? వంటింటి పక్క గది నీకోసం అలికి పెట్టినాను.

ఎప్పుడు వస్తావు?

కోటమ్మ


ఆత్మకూరు,
28-7-1948

అక్కా,

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు. మునెయ్య నీ చేతికే ఇస్తాడు, గరిటెల కట్టలో పెట్టి. చదివి పొయ్యిలో వెయ్యి. ఈసారి నువ్వే వేశావని బాగా గుర్తుపెట్టుకో.

నన్ను ఏ బడికీ మార్చడం లేదు. అమ్మ అడిగింది దాని గురించి కాదు.

నిన్న నాయన వచ్చాడు. బడి వదిలేదాకా అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మంచినీళ్ళిచ్చాను. తాగి, తలగుడ్డతో మూతి తుడుచుకుని, నా వైపు చూడకుండా అన్నాడు:

“మీ మామ అడగతావున్నాడు.”

“ఏం అడుగుతున్నాడు?”

“నిన్నే. మీ అక్కకు మతి చెడిపోయినాది. పిల్లా జెల్లా లేరు. బయటదాన్ని తెచ్చుకుంటే మీ అక్క గతి ఏంది? నువ్వైతే సొంత చెల్లెలివి, కడుపులో పెట్టుకోని చూసుకుంటావు. ఏందో చట్టం వస్తాదంట, రెండో పెళ్ళి కుదరదంట తర్వాత. శ్రావణం దాటకముందే కానిచ్చేద్దామంటున్నాడు. మీ అమ్మ ఊ అనింది.”

లోపలినుంచి రాహేలమ్మగారు వచ్చి గడపలో నిలబడింది. “రత్తయ్యగారూ, కూతురు చదువుకుని ఉద్యోగం చేస్తా ఉండాది. ఆమెను అడిగినారా?” అంది. “అడిగేదానికే గదమ్మా వచ్చినాను” అన్నాడు నాయన. “అడిగినట్టు లేదే, చెప్పినట్టుండాది!” అంది ఆమె. నాయన తల వంచుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు: “పెద్దది ఒప్పుకునింది. వస్తే బాగుంటాది, అంతకంటేనా అనిందంట.”

అక్కా, అవి నీ మాటలే. నువ్వు నాకు రాసినవే. నువ్వు బడి గురించి అన్నావని నేను చెప్పాను. నాయన నమ్మలేదు. “దానికి ఏమన్నదో దానికే తెలియదంట, మీ మామ చెప్పినాడు” అన్నాడు. అంటే నువ్వు ఔనంటే ఒప్పుకున్నట్టు, కాదంటే పిచ్చి. ఇంక నువ్వు ఏం మాట్లాడితే చెల్లుతుంది?

ఇప్పుడు నాకు అర్థమైనది రాస్తున్నాను. మామ చదివిన ముగింపు పుస్తకంలోది కాదు. అతను కోరుకున్నది. దాన్ని నీకు ముందుగా వినిపించాడు. చెల్లెలు, మల్లెపూలు, బండి, అన్నీ. ఆ పుస్తకం పంపింది నేనే. తాళంచెవుల సంగతి దానికంటే ముందే మొదలైందా, తరవాతా? దాన్ని చదివే అతను నేర్చుకున్నాడేమో. ఒక్కోసారి ఇదంతా నా పిచ్చేనేమో, పుస్తకం తలకెక్కి ఎత్తుకుని పెంచిన మేనమామ మీద నిందలు వేస్తున్నానేమో అని కూడా అనిపిస్తోంది. నువ్వు తప్ప ఎవరూ చెప్పలేరు.

సామ్యేలు దగ్గర అదే పుస్తకం ఇంకో ప్రతి ఉంటే తెప్పించాను. చివరి కాగితం చించి దీనితో పెడుతున్నాను. పుస్తకం చించవద్దని పిల్లలను రోజూ కేకలేసే నేనే చించాను. అక్కా, ఎవరినీ చదవమని అడగకు. దొడ్లోకి పోయి, వేలు పెట్టుకుని, నువ్వే చదువు. ఎంతసేపైనా సరే. అందులో చెల్లెలు ఉందో లేదో చూడు.

ఆ పాలు తాగకు.

మాలకొండమ్మ


ఉదయగిరి,
7-8-1948

చిన్నమ్మీ,

మునెయ్య మళ్ళీ వచ్చి వాకిట్లో గరిటెలు సర్దుకుంటా ఉండాడు. వాడు ఎదురింటామెతో బేరం ఆడేలోపల రాసి ఇవ్వాల.

చదివినాను. దొడ్లో గడ్డివామి వెనకాల కూర్చోని చదివినాను. మొదట ఒక్కో అక్షరం, తర్వాత ఒక్కో మాట, తర్వాత కాగితం మొత్తం. చెల్లెలు లేదు. మల్లెపూలు లేవు. నేను కల గనలేదు. నేను వినింది వేరే, ఉండేది వేరే. నా తల బాగానే ఉండాది, చిన్నమ్మీ! గడ్డివామి పట్టుకోని ఏడ్చినాను. ఆవు వచ్చి నన్ను నాకింది.

నీ జాబు మీద మొదట కోపం వచ్చింది. నువ్వు ఒప్పుకున్నావని మామ అప్పటికే నాకు చెప్పినాడు. “చిన్నదానికి ఇష్టమే, సిగ్గుపడి నీకు రాయలేదు” అన్నాడు. అందుకే నీ జాబు అందేదాకా నీకు రాయబుద్ధి కాలేదు. నీకు అలికిన గదిలో కట్టెలు వేసినాను. నీకు నేను ఒప్పుకున్నానని, నాకు నువ్వు ఒప్పుకున్నావని చెప్పినాడు. చిన్నప్పటి రాజు కథ మాదిరే. అప్పుడు జుట్లు పట్టుకున్నాము. ఇప్పుడు పట్టుకోవద్దు.

పొడి తాగడం లేదు. పాలు తీసుకోని దొడ్లోకి పోయి మునగచెట్టు మొదట్లో పోస్తావున్నాను. తలనొప్పి పోయినాది. అది విషమో ఏమో నాకు తెలియదు, మత్తు మాత్రం ఉండాది. నిన్న మధ్యాహ్నం తడిక సందులోనుంచి చూస్తావుంటే, మామ అంగడినుంచి చడీచప్పుడు లేకుండా వచ్చినాడు. నా పెట్టె తాళంచెవి తీసి పిడకల కింద పెట్టి పోయినాడు. నా కళ్ళతో చూసినాను. సాయంత్రం “తాళంచెవి ఏదీ?” అని అడిగినాడు. నేను తిన్నగా పోయి పిడకల కింద తీసి ఇచ్చినాను. మొహం తెల్లబోయినాది. అప్పటినుంచి నన్ను అదేపనిగా చూస్తావుండాడు. తెలివి చూపించకుండా ఉండాల్సింది.

నువ్వు అడిగిన దానికి ఇప్పుడు చెప్తాను. నీలవేణికి పిచ్చి కాదు. పిచ్చిది పాలు తాగేస్తాది. ఆమె పేరు పెట్టి పిలిచింది చూడు, అప్పటిదాకా ఆమెకు మొగుడు ఉండినాడు, ఆ పిలుపుతో లేకుండా పోయినాడు. ఎదురుగా నిలబడింది ఎవురో ఒక మనిషి. ఆమెకు మతి వచ్చిన దినం అది.

నేనైతే పిలవలేను. నోరు రాదు. రాజారావు అని ఎన్నిసార్లైనా రాస్తాను, మామ పేరు రాయమంటే నా చెయ్యి కదలదు. నేను ఎప్పుడన్నా ఆ పేరు రాసినానంటే అది మామూలు దినం కాదని తెలుసుకో.

నేను దేనికీ ఒప్పుకోలేదు. నాయనకు చెప్పు. మునెయ్య పిలస్తావున్నాడు.

కోటమ్మ


ఉదయగిరి,
12-8-1948

చిరంజీవి కుమారి మాలకొండమ్మకు,

నేను క్షేమము. నీ క్షేమము కోరుచున్నాను. నాకు కొంతకాలముగా మతి స్థిమితము లేని సంగతి నీకు తెలియును. ఇల్లు చూసుకొను శక్తి నాకు లేదు. నా భర్త సుందరరామయ్యగారు నిన్ను వివాహము చేసుకొనుట నాకు పూర్తిగా ఇష్టము. ఇందులో ఎవరి బలవంతమూ లేదు. సుందరరామయ్యగారు నన్ను ఎంతో బాగా చూసుకొనుచున్నారు. పెద్దలందరికీ ఈ జాబు చూపించవలెను. నీవు వెంటనే సమ్మతి తెలుపవలెను.

ఇట్లు,
కోటమ్మ


ఆత్మకూరు,
16-8-1948

అక్కా,

పోస్టులో నీ ఉత్తరం అందింది. రాత నీదే. వరస వంకర పోవడం కూడా నీదే. మాటల్లో ఒక్కటి కూడా నీది కాదు. “చిన్నమ్మీ” అని లేదు. అందులో మామ పేరు ఉంది. రెండుచోట్ల ఉంది.

పక్కన కూర్చుని అతను చెబుతుంటే నువ్వు రాశావు. తన పేరు తాను చెప్పుకోవడానికి అతనికి నోరు తిరుగుతుంది. నీ చెయ్యి దాన్ని ఎప్పుడూ రాయదని అతనికి తట్టలేదు. నీకు తట్టింది. తెలిసే రాశావు. నాకోసమే రాశావు. నేను అలాగే చదివాను.

కానీ అక్కా, పడుకున్నా లేచినా ఇంకో మాట వెంటపడుతోంది. నిన్ను ఏం చేస్తే ఆ చెయ్యి కదిలింది? కొట్టాడా? గదిలో పెట్టాడా? మళ్ళీ ఆ పాలు తాగించాడా? నిజంగానే మతి తప్పి ఆ పేరు రాశావా? మొదట్లో నీలవేణి గురించి నేనే కదా అన్నాను, పేరు పెట్టి పిలిచిందంటే పిచ్చిదేనని. ఆ మాట ఇప్పుడు నాకే తగులుతోంది.

నిన్న ఆదివారం వింజమూరులో మన ఇంటిదాకా పోయి, ఆ జాబు నాయనకు చదివి వినిపించాను. వింటూ వింటూ ఒకచోట చెయ్యెత్తి ఆపాడు.

“మళ్ళీ చదువు ఆ మాట.”

చదివాను.

“కోటి ఆ పేరు రాసినాదా?”

“రాసింది నాయనా.”

“ఎదురింటి సుందరమ్మను పిలవాలంటే చేతులు తట్టే బిడ్డ! నేను చూసినాను. ఆవిడ వంటింట్లో ఉంటే వినపడక, ఇది వాకిట్లో నిలబడి తడతానే ఉండింది.” జాబు నా చేతిలోంచి తీసుకున్నాడు. “ఇది దాని జాబు కాదు” అన్నాడు. అమ్మ వైపు తిరిగి, “నీ తమ్ముడు నా బిడ్డ చేత ఏం రాయించినాడే?” అని కేకేశాడు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

శనివారం మేము వస్తున్నాం. నాయన, అమ్మ, ఊరి పెద్దలు ఇద్దరు, నేను, రాహేలమ్మగారు. ఇంకా ముందే రావాలని నేను మొత్తుకున్నాను. పెద్దలు లేకుండా వస్తే వాకిట్లోనుంచే పంపించేస్తాడని, తర్వాత నిన్ను ఎక్కడికి చేరుస్తాడో తెలియదని నాయన భయం. ఆ భయమూ నిజమే. అందుకే శనివారం దాకా నువ్వు ఒక్కదానివే ఉండాలి.

వచ్చాక జరిగేది నీకు చెప్పాలి. మామ అరుగు మీద మంచం వేసి, మర్యాద చేసి, మెత్తగా మాట్లాడతాడు. “పాపం దానికి ఏమీ తెలియదు” అంటాడు. పెద్దలు నీ వైపు చూస్తారు. నువ్వు తల వంచుకుని ఊరుకుంటే అతను చెప్పిందే నిజమైపోతుంది. అతను రాయించిన ఆ జాబు మేము చూపిస్తే, “ఆమె చేతిరాతే కదా” అంటాడు. నేను ఎంత అరిచినా చిన్నపిల్లను, పుస్తకాలు చదివి చెడిపోయినదాన్ని. నీ నోటితో నువ్వు చెప్పాలి. తాళంచెవి గురించి, పొడి గురించి, పుస్తకం గురించి. “నాకు ఇష్టం లేదు, నేను పోతాను” అని చెప్పాలి. ఆ మాటతో మా వెంట బయటికి నడిస్తే చాలు. మిగతాది తర్వాత చూసుకుందాం. నా జీతంతో ఇద్దరం బతకవచ్చు. రాహేలమ్మగారు పక్క గదిలోని కుర్చీలు ఇప్పటికే బయట పెట్టించింది.

ఆ పుస్తకం గురించి నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. నీలవేణికి పిచ్చి లేదు. ఆ వాదంలో నువ్వే గెలిచావు. ఇప్పుడు నన్ను భయపెడుతున్నది వేరే. ఆమె ఆ మాట అన్నాక ఏం జరిగింది? అతను తాగాడా? నవ్వాడా? గ్లాసు ఆమె మొహాన కొట్టాడా? రాసినవాడు అక్కడ ఆపేసి హాయిగా కలం మూసుకున్నాడు. మనం ఆపలేం. ఆ మాట తరవాత కూడా నువ్వు ఆ ఇంట్లో నిలబడి ఉండాలి. కానీ నీలవేణి వాకిట్లో ఎవరూ లేరు. నీ వాకిట్లో మేము ఉంటాం.

మామా, ఒకవేళ ఈ కాగితం నీ చేతిలో పడితే, నీకూ ఒక మాట. నన్ను బడిలో వేసింది నువ్వే. అది నేను మర్చిపోలేదు. ఆ బడిలో నేర్చుకున్నదే అక్కకు నేర్పాను. మేమిద్దరం చదవగలం. ఇంక మా ఇద్దరికీ రెండు ముగింపులు చెప్పలేవు. అక్క ఒంటి మీద చెయ్యి వేస్తే శనివారం పదిమందిలో సమాధానం చెప్పుకోవాలి.

అక్కా, పాలు ఇస్తే ముట్టుకోకు. నీ అన్నం నువ్వే వండుకో, నువ్వే వడ్డించుకో. తెలివి చూపించకు, వెర్రిదానిలాగే కనిపించు, ఈ కొద్దిరోజులు మాత్రం. ఎదురింటామె పిలిస్తే పలికేంత దూరంలో ఉండు. అవసరం పడితే చేతులు తట్టకు. పేరు పెట్టి గట్టిగా పిలువు.

ఈ జాబు తెచ్చిన మునెయ్య ఉదయగిరిలోనే ఉండి గురువారం మధ్యాహ్నం నీ వాకిటికి మళ్ళీ వస్తాడు, గరిటె విరిగిందని పిలిస్తే చాలు. శుక్రవారం, ఇరవయ్యో తేదీ సాయంత్రంలోగా నాకు జవాబు అందాలి. పెద్ద జాబు అక్కర్లేదు. పదిమంది ముందు నోరు తెరుస్తావా, లేదా? ఆ ఒక్క మాట రాయి. మొదట్లో “చిన్నమ్మీ” అని ఉండాలి. మామ పేరు ఉండకూడదు.

జవాబు వచ్చినా రాకపోయినా శనివారం వస్తాం. అయినా రాయి.

నీ చెల్లెలు,
మాలకొండమ్మ